తాడు కాసిన మనిషి

"తీయను," అంది చెంచులక్ష్మి. "ఒకసారి తీసినారు గదా. ఒక మెడకు ఎన్నిసార్లు తీస్తారు మీరు?"

వసారాలో రేపటి పెద్దకర్మకు సామాను సర్దుతున్న ఓబమ్మ చేతిలోని పసుపు పొట్లాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. పోయిన మాలకొండయ్యకు ఆమె స్వయానా అక్క. తమ్ముడి భార్య చెంచులక్ష్మి మెడలో తాళి తీయవలసింది ఆమే. మొగుడు పోయిన ఆడవాళ్ళు చేయవలసిన పని అది.

రాధిక వాకిట్లో కొళాయి దగ్గర టీ గ్లాసులు కడుగుతోంది. నాయన పోయినప్పటి నుంచి ఆమెకు అదే పని. పరామర్శకు వచ్చినవాళ్ళు తాగుతారు, ఆమె కడుగుతుంది. ఏడుపు రాలేదు. యాభై దాటిన ఆడమనిషి తండ్రి పోతే కంట తడి పెట్టలేదని ఓబమ్మ ఇప్పటికే ఇద్దరు ముగ్గురి చెవిన వేసింది. అది విన్నా రాధికకు కోపం రాలేదు. అసలు ఏదీ రావడం లేదు. లోపల ఎవరో తలుపులన్నీ మూసి తాళం వేసుకుని పోయినట్టుంది.

కులపెద్ద సిద్ధయ్య గొంతు సవరించుకున్నాడు.

"చెంచులక్ష్మా, రేపు పొద్దు పొడవకముందే ఏటికాడికి పోవాల. మంగలికి చెప్పినాము, వంటోళ్ళకు చెప్పినాము. ఇప్పుడు ఇదేంది? మొగుడు పోయినాక తాళి తీయనన్న ఆడదాన్ని నేను యాడా చూళ్ళా."

"మొగుడు బతికుండగా తాళి తెంపించుకున్న ఆడదాన్ని చూసినావు గదన్నా. నన్నే. ఆ పొద్దు తెంపమని చెప్పింది మీ నాయన. నువ్వు పక్కనే నిలబడుండావు, నిక్కరేసుకోని."

ఎవరికో నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"ఇప్పుడా పాత పురాణమంతా ఎందుకు?"

"ఎందుకా? ఉదయగిరి బస్టాండు కాడ తాళ్ళంగడి పెట్టుకోని ఒక మనిషి ఉండాడే, ఆయన బతికుండాడా, సచ్చినాడా? ముందు అది తేల్చండి. బతికుండాడంటే గడప కాడికి పిలిచి నలుగురిలో చెప్పండి. చెప్పినాక రాధిక వాళ్ళ నాయన పేరు మీద ఈ తాళి నేనే తీసి పాలల్లో ఏస్తా. మీరెవురూ తాకబన్లా."

ఆ ఇంట్లో పేరు ఎత్తని మనిషి అతనొక్కడే. తిరుపాలు. మాలకొండయ్యకు అన్న. చెంచులక్ష్మి మెడలో మొదటి తాళి కట్టింది అతనే. నేవీలో చేరిన కొత్తలో ఒక పెద్ద యుద్ధ ఓడ ముందు తెల్లబట్టలతో దిగిన ఫొటో ఇంటికి పంపాడు. వాళ్ళ నాయన ఆ ఫొటోను మొలలో పెట్టుకుని, గొర్రెల మంద వెంట ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో చూపించాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆ ఓడ మునిగిందని రేడియో చెప్పింది. ఇంటికి తంతి ఏమీ రాలేదు. మన ఊరికి తంతి ఎప్పుడొచ్చిందిలే అన్నారు పెద్దలు. శవం లేదు కాబట్టి జొన్నదంటుతో బొమ్మ చేసి మట్టి చేశారు. తాళి తెంపారు. ఎండాకాలం రాగానే తమ్ముడు మాలకొండయ్యతో చెంచులక్ష్మికి మారుమనువు చేశారు. వానలు పడ్డాక తిరుపాలు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాడు.

అతను ఆ పెద్ద ఓడ మీద లేడు. యుద్ధానికి చాలా ముందే అతన్ని గిరిధర్ అనే టగ్గు మీదికి మార్చారు. పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవ అది. దాని మీద ఒక్క ఫిరంగి కూడా లేదు. ఊరూరా తిరుగుతున్న ఫొటో గుర్తొచ్చి, ఆ సంగతి ఇంటికి రాయడానికి అతను సిగ్గుపడ్డాడు. జరిగిందంతా ఆ సిగ్గు వల్లే జరిగింది.

కర్మ చేసిన మనిషి తిరిగొస్తే ఏం చేయాలో వాళ్ళ ఆచారంలో ఉంది. గడప ముందు నిలబెట్టి, కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఇంటివాళ్ళు పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకు అతను పలికి గడప దాటితే బతికినట్టు. తిరుపాలును ఎవరూ పిలవలేదు. పిలిస్తే చెంచులక్ష్మి మారుమనువు చెల్లదు. అప్పటికే ఆమె కడుపులో ఉన్న రాధికకు తండ్రెవరని చెప్పాలి? అందుకని అతన్ని చచ్చినవాడిగానే ఉంచేశారు. అందరికీ అదే సుఖంగా కూడా ఉంది. అతను మళ్ళీ టగ్గుకే పోయాడు, ఉద్యోగం అయ్యాక ఉదయగిరిలో ఉండిపోయాడు.

"అమ్మా, నీకు మతి ఉండాదా?" అన్నాడు శ్రీకృష్ణ. కర్మ పట్టిన కొడుకు, తడిపంచె ఇంకా ఆరలేదు. "రేపు నలుగురిలో నాకు తలపాగా చుడతారు. ఆ మనిషిని గడప దాటిస్తే మంద పెద్దరికం ఆయనది. నేనూ అక్కా ఏమవుతాము?"

"ఇప్పుడేముండావో అదే అవుతావు. గొర్రెలు నిన్ను వరస అడిగి మేస్తుండాయా?"

"ఊరు అడుగుతాది."

"అడగనీ. అప్పుడు నన్ను ఎవురూ అడగలా. ఓడ మునిగిందని మనకంటే ముందు ఆయనకు తెలుసు. ఒక్క కార్డు రాయలా. మీ తాత ఆ బొమ్మను మట్టి చేసే ముందు నన్నొక మాట అడగలా. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టినప్పుడూ అడగలా. తిరిగొచ్చినాయన గడప బయట నిలబడి నా కడుపు చూసి ఎనక్కి తిరిగినాడే, ఆయనా అడగలా. అందుకే నేను అడుగుతుండా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సిద్ధయ్యకు బదులు చెప్పడం తేలికయ్యేది.

ఓబమ్మ పసుపు పొట్లాన్ని పళ్ళెంలో పెట్టి కొంగుతో కప్పింది.

"రాధికా," అంది చెంచులక్ష్మి. "గ్లాసులు ఇంక చాల్లేమే. పోయి పిలుచుకోని రా."

"సరే," అంది రాధిక.

రోడ్డు దాకా శ్రీకృష్ణ వెంట వచ్చాడు. "అక్కా, పోయినట్టు పోయి వచ్చేయ్. పిలిస్తే రాలేదని చెప్పు. అమ్మ రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటాది."

"సరే," అంది అతనికి కూడా. ఏ సరే నిజమో ఆమెకే తెలియదు.

*

ఉదయగిరి కొండ ఎండలో ఉడుకుతోంది. బస్టాండు పక్క సందులో తిరుపాలు అంగడి. పలుపులు, ఉట్లు, నైలాను తాళ్ళ చుట్టలు. అంగడి పెట్టుకున్నవాడు ఎవడైనా వీధి వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. ఈయన మాత్రం వీధికి వీపు పెట్టి కూర్చుంటాడు. గిరాకీ వస్తే నీడను బట్టి తెలుసుకుంటాడు.

చిన్నప్పుడు మాలకొండయ్య సంతకు గొర్రెలు తోలినప్పుడల్లా కూతుర్ని ఇక్కడికి తీసుకొచ్చేవాడు. ఇంట్లో చెప్పొద్దని ముందే పప్పుచెక్క కొనిపెట్టేవాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని తాళ్ళు పేనేవాళ్ళు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరూ రాధికతో మాట్లాడేవాళ్ళు. నాయన ఆమెను జిలేబి కావాలా అని అడిగేవాడు, పెదనాయన ఆమెకు టగ్గు కథ చెప్పేవాడు. చచ్చినవాడు అందరికీ కనిపిస్తూ అంగడి నడుపుకోవడంలో వింతేముందో పెద్దయ్యేదాకా ఆమెకు తెలియలేదు.

నాయనను మట్టి చేసిన రోజు కూడా ఈయన వచ్చాడు. రోడ్డు మీద బస్సు దిగి, కంప కంచె అవతల నిలబడి చూసి, వచ్చిన దారినే పోయాడు. రాధిక చూసింది. ఎవరికీ చెప్పలేదు.

"ఎవురు, రాధికా?" అన్నాడు తిరుపాలు తిరగకుండానే.

"అవును పెదనాయనా."

"కూర్చో."

కూర్చుంది. ఆయన రెండు తాళ్ళ కొసలు విప్పి, పోగుల మధ్యలోంచి పోగులు దూర్చి అతుకుతున్నాడు. ముడి లేకుండా రెండు తాళ్ళు ఒకటయ్యే పని అది. టగ్గు మీద నేర్చుకున్నాడు.

"గిరిధర్‌ను విరగ్గొట్టేసినారంట," అన్నాడు. "తెలిసినోళ్ళు ఫోన్ చేసినారు. ఇంజను ఎప్పుడో పోయింది. నీళ్ళ డ్రమ్ములు మోసేదానికి పెట్టినారు కొన్నాళ్ళు. తర్వాత మూలన కట్టేసినారు. చివరాకర్న దాన్ని ఇంకో టగ్గు లాక్కోని పోయిందంట, విరగ్గొట్టే కాడికి. ఎన్ని ఓడల్ని లాగిందో, దాన్నీ ఒకటి లాగింది."

తమ్ముడు పోయి పది రోజులు కాలేదు, ఈయనకు పడవ గుర్తొస్తోంది. ఇంకెవరైనా అయితే లేచి పోయేవాళ్ళు. రాధికకు లేవబుద్ధి కాలేదు. తెలిసిన కథ వింటూ ఉంటే ఏమీ అనుకోనక్కర్లేదు.

ఆయన మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. కొత్తలో దాని పని ఓడలను గట్టుకు నెట్టడం. తర్వాత గురి నేర్చుకునే ఓడల కోసం చెక్క తెప్పను చాలా దూరంగా వెనక కట్టుకుని తిరగడం. అందరూ తెప్పను కాల్చేవాళ్ళు, ఒక్కోసారి గుండు టగ్గు పక్కనే పడేది, టగ్గు మీదివాళ్ళు బూతులు తిట్టేవాళ్ళు. యుద్ధం వచ్చాక దీపాలన్నీ ఆర్పేసుకుని రేవు బయట కాపు కాయడం.

"ఎవుడికి ఇంజను పోతే వాడి కాడికి పోయేది. ఒక సరుకు ఓడను తెచ్చినాము, దాంట్లో మంటలు ఇంకా ఆరలా. లాగే పడవలో ముందుకు చూసేది నడిపేవాడొక్కడే. ఒకడు ఎనక నిలబడి తాడు చూడాల. బిగుసుకుంటే తెగుతాది, తెగిన తాడు మనిషిని రెండు ముక్కలు చేస్తాది. వదులైతే అడుగున తిరిగే పంకాకు చుట్టుకుంటాది. నా పని అదే. ఎక్కడికి పోతుండామో నేను చూళ్ళా ఎప్పుడూ. ఎనకొచ్చేదాన్నే చూసినా."

"పెదనాయనా," అంది రాధిక. "పెద్ద ఓడ మునిగిందని నీకెప్పుడు తెలిసింది?"

ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట అడగలేదు. నాయన పక్కన ఉండగా అడగాలనిపించలేదు.

"యుద్ధం అయిపోయినాక అందురూ సెలవు మీద పోయినారు," అన్నాడు తిరుపాలు. "మేము పోలా. మునిగిన పడవల్ని దారిలోంచి లాగేదానికి తూర్పు రేవుకు పోయినాము. రేపో మాపో పెద్ద ఓడ మీదికి మారుస్తారు, అప్పుడు రాస్తాంలే అని..."

అతుకుతున్న పోగు తప్పు సందులో దూరింది. దాన్ని వెనక్కి లాగి, మళ్ళీ దూర్చాడు. మళ్ళీ తప్పే పోయింది. రాధికకు కావలసిన జవాబు దొరికింది: తెలిసీ రాయలేదు. అందులో కొత్త సంగతి ఏమీ లేదు. అమ్మకు ఎప్పుడో తెలుసు.

"అమ్మ రమ్మనింది," అంది.

"నేను రాగూడదు తల్లీ. మీ తమ్ముడికి తలపాగా చుట్టే పొద్దు."

"సరే," అంది రాధిక. రాలేదని చెప్తే తమ్ముడు సంతోషిస్తాడు. లేచి నిలబడింది.

"మీ నాయన పోయేముందు ఏమన్నా చెప్పినాడా?"

"మాట పడిపోయింది గదా. చేత్తో ఏదో చూపించినాడు. ఇట్టా." రెండు చేతుల వేళ్ళనూ ఒకదాంట్లో ఒకటి దూర్చి, తీసి, మళ్ళీ దూర్చింది. "రెండు రోజులు అదే చేసినాడు. నీళ్ళనుకోని మేము నీళ్ళు పోస్తానే ఉన్నాము. మింగలేక కక్కుకున్నాడు పాపం."

తిరుపాలు ఆమె వేళ్ళ వైపు చూశాడు. తర్వాత తన ఒళ్ళో సగం అతికిన తాడు వైపు చూశాడు. ఆయన నోరు వంకర పోయింది. ఏడుపో, ఊపిరి అందకో తెలియలేదు. రాధిక తన చేతులను ఇంకా అలాగే పట్టుకుని ఉంది. నాయన ఎవరిని అడుగుతున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా ఏడుపు రాలేదు. దానికి మటుకు ఆమెకు భయమేసింది.

ఆయన లేచి అంగడి తలుపు దించాడు.

*

ఆత్మకూరులో బస్సు దిగి, అనంతసాగరం పోయే షేర్ ఆటో ఎక్కారు. లోపల చోటుంది. తిరుపాలు మాత్రం వెనక, దాటిన రోడ్డు వైపు తిరిగి ఉండే చెక్క సీటు మీద కూర్చున్నాడు. రాధిక పక్కన కూర్చుంది. వరిమళ్ళూ, గేదెలూ, ఎదురొచ్చి దాటిపోయిన బళ్ళూ వెనక్కి చిన్నవైపోతున్నాయి.

"నేను గడప దాటితే నువ్వు ఎవురి కూతురివని అడుగుతారు. తెలుసునా?"

"తెలుసు."

"ఏమని చెప్తావు?"

ఊరు వచ్చేదాకా ఇద్దరూ రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

పొద్దు వాలేటప్పటికి ఇంటి ముందు జనం పెరిగారు. తిరుపాలు గడప ముందుకు వచ్చి ఆగిపోయాడు. ట్రంకుపెట్టెతో ఒకసారి ఆగిన చోటే అది. అందరూ అతన్ని చూస్తున్నారు, ఎవరూ రమ్మనడం లేదు.

"పేరెత్తబాకండి ఎవురూ," అన్నాడు సిద్ధయ్య. "నోరు జారితే పిలిచినట్టే లెక్క."

ఓబమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెట్టుకోకపోతే తమ్ముణ్ణి పిలిచేసేదేమో.

చెంచులక్ష్మి ఇత్తడి చెంబుతో బయటికి వచ్చింది. గడప మీద నిలబడింది. యాభై ఏళ్ళకు పైగా వాళ్ళిద్దరూ ఇంత దగ్గరగా నిలబడలేదు. తిరుపాలు తల వంచుకున్నాడు.

"చెంచులక్ష్మా, తప్పు," అన్నాడు సిద్ధయ్య. "ఆడది మొగుడి పేరు ఎత్తేది యాడన్నా ఉండాదా?"

"ఏ మొగుడు, అన్నా? మీ లెక్కలో నా మొగుడు పోయినాడు, రేపు కర్మ. ఈయన నాకేమవుతాడో చెప్పు, ఎత్తను."

సిద్ధయ్య దగ్గర ఆ వరసకు మాట లేదు.

ఆమె వంగి తిరుపాలు పాదాల మీద నీళ్ళు పోసింది.

"తిరుపాలూ," అని పిలిచింది.

పెళ్ళైన పొద్దు నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. మొదట మొగుడి పేరు కాబట్టి రాలేదు, తర్వాత చచ్చినవాడి పేరు కాబట్టి రాలేదు. ఇప్పుడు పక్కింటివాణ్ణి పిలిచినంత మామూలుగా వచ్చింది. ఆ మామూలుతనానికే ఓబమ్మ బావురుమంది.

"తిరుపాలూ."

"మూడోది పిలవబాక," అన్నాడతను. "నేను వాడి కోసం వచ్చినా. ఈడనే కూర్చోని పోతా. వాడి బిడ్డల్ని ఎవురికీ కాకుండా చేయలేను. నన్ను ఇట్నే ఉండనీ. అలవాటైపోయింది నాకు."

"నీ అలవాటు నేనడగలా," అంది చెంచులక్ష్మి. "అయినా మూడోది నేను పిలవను. నాకు చేతనైంది రెండే."

ఆమె వాకిట్లోకి దిగి చెంబును రాధికకు అందించింది.

"ఇంట్లో పెద్దబిడ్డ ఇది. పోయినాయన బిడ్డ. ఈ పిలుపుతో పోయేది ఏమన్నా ఉంటే అది దీనిదే. కాబట్టి ఇదే పిలవాల. పిలవకపోతే నేను ఒక్క మాట అనను. రేపు ఓబమ్మొదిన ముందు మెడ వంచుకోని కూర్చుంటా. తెంపినన్ని తెంపండి."

రాధిక చెంబు పట్టుకుంది. ఇత్తడి చల్లగా ఉంది. గ్లాసులు కడిగి కడిగి మొద్దుబారిన వేళ్ళకు ఆ చల్లదనం తెలిసింది. ఆ వేళ్ళనే చూసుకుంటూ ఉంటే నాయన మంచం మీద వేళ్ళు దూర్చి, తీసి, మళ్ళీ దూర్చడం కళ్ళముందుకు వచ్చింది. చెంబు చుట్టూ ఆమె వేళ్ళు కూడా ఒకదాంట్లో ఒకటి దూరాయి.

"అక్కా," అన్నాడు శ్రీకృష్ణ.

పెదనాయనా అని పిలిస్తే చెల్లదు. పేరే పెట్టి పిలవాలి. పొద్దుటి నుంచి అందరికీ సరే అంటూ వచ్చింది. ఇక్కడ ఆ మాట పనికిరాదు.

తిరుపాలు తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. వద్దని అన్నవాడు ఒక కాలు గడప వైపు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

రాధిక నీళ్ళు వంచి, నోరు తెరిచింది.